కామ ఎంత పొడవుండాలి?

మా మినీ ప్రాజెక్ట్ వైవాలో ఎక్స్‌టర్నల్ గారు మేం చేసిన వీల్ హోని ల్యాబ్ గచ్చు మీద రెండడుగులు ముందుకి, రెండడుగులు వెనక్కి తోసి చూసి ఒకే ప్రశ్న వేశారు. "గంటకి ఎన్ని సెంట్లు తీస్తుంది?" హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో కొలిచిన లెక్క చెప్పాం. బొరిగెతో తీసేదానికి నాలుగింతలు. ఆయన తలూపారు, మార్కులు వేశారు. మంచి మార్కులే వేశారు.

ఆ వీడర్‌ని బస్సు టాప్ మీద కట్టి పాడేరు మీదుగా మా ఊరు చేర్చాను. జులైలో ఫోన్ చేస్తే అమ్మ "బాగానే ఉందిరా" అంది. ఆగస్టులో అడిగినా అదే మాట. దసరాకి ఇంటికెళ్ళి చూస్తే చక్రం ఊడదీసి పిన్ని కొడుకు వీధిలో దొర్లించుకుంటున్నాడు. జీఐ పైపు హ్యాండిల్ రెండు గుంజల మధ్య కట్టి ఉంది, దాని మీద చీరలు ఆరుతున్నాయి. అమ్మ సిగ్గుపడింది. నేను అంతకన్నా ఎక్కువ సిగ్గుపడ్డాను. ఆరు నెలలు సాలిడ్‌వర్క్స్‌లో తిప్పి తిప్పి గీసిన వస్తువు చివరికి దండెం అయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ ఏడాది కూడా థర్డ్ ఇయర్‌లో రెండు బ్యాచ్‌లు "లో కాస్ట్ మాన్యువల్ వీడర్" అని టైటిల్ ఇచ్చాయట. మా రిపోర్ట్ కావాలని ఒక జూనియర్ అడిగాడు. ఇస్తాను. కానీ ముందు ఇది చదవమని నా మనవి.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, కొండ మీద ఊరు. ఇంట్లో ఉన్న భూమి మొత్తం రెండెకరాలు దాటదు, అదీ మూడు చోట్ల. గెడ్డ పక్కన చిన్న చిన్న మడులుగా పల్లం, అందులో వరి. కాస్త పైన గరువు, అందులో చోడి, ఒక్కో ఏడు రాజ్‌మా. ఇంకా పైన కొండవాలు. అక్కడ సామ, కంది, వలిసెలు కలిపి చల్లుతారు, ఒక పక్క పసుపు. ఆ పైన సిల్వర్ ఓక్ నీడలో కొంచెం కాఫీ, చెట్లకి పాకిన మిరియాల తీగ. కింద నుంచి పైకి నడిస్తే పావుగంట. ఈ పావుగంట నడకలో కలుపు నాలుగు రకాలుగా మారిపోతుంది, కలుపు తీసే పద్ధతీ మారుతుంది. మేం మాత్రం "హిల్ ఫార్మింగ్" అని ఒక్క స్లైడ్ పెట్టి ఒక్క పనిముట్టు చేశాం.

వీల్ హో చెడ్డదని నేననడం లేదు. ముందు ఒక చక్రం, వెనక నేలలోకి రెండు మూడు సెంటీమీటర్లు దిగే వీ ఆకారపు బ్లేడు, రెండు చేతులతో పట్టుకునే హ్యాండిల్. 19వ శతాబ్దంలో అమెరికాలో ప్లానెట్ జూనియర్ పేరుతో ఇవి పెద్ద ఎత్తున అమ్ముడుపోయాయి. మన దగ్గర భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ రెండు చక్రాల రకం తయారుచేసింది. నేల చదునుగా, పొడిపొడిగా ఉండి, వరసలు తిన్నగా ఉంటే దీన్ని మించింది లేదు. చిక్కంతా ఆ "ఉంటే"ల దగ్గరే.

వాలు సంగతి చూద్దాం. మేం ఫోన్‌లో యాంగిల్ మీటర్‌తో కొలిస్తే మా పసుపు చెక్క దగ్గర సుమారు 11 డిగ్రీలు వచ్చింది. అంటే 20 శాతం వాలు. కొండ మీద ఇది పెద్ద వాలేం కాదు. మనిషి రోజంతా ఆగకుండా ఇవ్వగల శక్తి దాదాపు 75 వాట్లని మనం ఫస్టియర్‌లోనే చదువుకున్నాం. అమ్మ బరువు 50 కిలోలనుకోండి. సెకనుకి అర మీటరు నడకతో ఆ వాలు ఎక్కితే, ఒంటిని పైకి మోసుకెళ్ళడానికే 48 వాట్లు కావాలి. ఎంజీవీ సైన్ తీటా, వేసి చూసుకోండి. ఇక మట్టి కోయడానికి, తొమ్మిది కిలోల వీడర్‌ని పైకి తోయడానికి, ఊపిరి తీసుకోవడానికి మిగిలింది 27 వాట్లు. మా రిపోర్ట్‌లో డ్రాఫ్ట్ ఫోర్స్ లెక్క మూడు పేజీలుంది. అందులో తోసే మనిషి బరువు ఒక్క చోట కూడా లేదు.

మరి పైకి కాకుండా అడ్డంగా తోస్తే? తోయాల్సింది కూడా అడ్డంగానే. పైనుంచి కిందకి చాళ్ళు తీస్తే మొదటి పెద్ద వానకే ఆ చాళ్ళు కాలవలై మట్టంతా గెడ్డలో కలుస్తుంది. అడ్డంగా తోస్తే చక్రం కిందవైపుకి జారుతుంది. రెండు చక్రాలదైతే కింది చక్రం మట్టిలో కూరుకుపోతుంది, బ్లేడు ఏటవాలుగా దిగుతుంది, పైవైపు కలుపు మిగిలిపోతుంది, కిందవైపు పైరు తెగిపోతుంది. ఒక చెయ్యి తోస్తుంటే ఇంకో చెయ్యి అది పడిపోకుండా పట్టుకోవాలి. దానికి తోడు రాళ్ళు. బ్లేడు రాయికి తగిలిన ప్రతిసారీ హ్యాండిల్ వచ్చి కడుపులో పొడుస్తుంది. ఆ హ్యాండిల్ ఎత్తు ఎవరికి కుదిర్చామో తెలుసా? నాకు. నేను ఐదడుగుల తొమ్మిదంగుళాలు, మా బ్యాచ్‌లో టెస్ట్ ఆపరేటర్‌ని నేనే. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. అమ్మ అంతకన్నా ఒక వేలెడు తక్కువే. నా నడుముకి కుదిర్చిన హ్యాండిల్ ఆవిడకి పొట్ట మీదకి వచ్చింది.

"ఏటిరా ఇది, నాను దీన్ని తోత్తన్నానా, ఇదే నన్ను తోత్తందా" అని మొదటి రోజే అందట. నాతో అనలేదు, పిన్నితో అంది.

ఆ దసరా సెలవుల్లో నేను చేసిన పనల్లా అమ్మ పక్కన కూర్చుని బొరిగెతో కలుపు తీయడమే. అప్పటిదాకా బొరిగె అంటే నా దృష్టిలో "ఎగ్జిస్టింగ్ సిస్టమ్", లిటరేచర్ సర్వేలో రెండు వాక్యాల్లో కొట్టిపారేసే వస్తువు. జానెడు పిడి, అరచేతిలో సగం ఉండే ఇనప ఆకు. కుడి చేత్తో వేరు కింద దించి ఎత్తుతుంది, ఎడమ చేత్తో మొక్కని పట్టి లాగి, మట్టి దులిపి, వెనక్కి విసురుతుంది. నేను లెక్కపెట్టడం మొదలెట్టి కాసేపటికి మానేశాను. ఎందుకంటే అది ఒక పని కాదు, నాలుగు పనులు. చోడి చేలో చోడి లాగే ఉండే గడ్డి ఒకటి మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు నాకైతే రెంటికీ తేడా తెలియలేదు, ఆవిడ మొదలు దగ్గర కాడ ముట్టుకుని చెప్పేస్తుంది. వత్తుగా ఉన్న చోట మొక్క పీకి ఖాళీ ఉన్న చోట పెడుతుంది. తోటకూర, చెంచలి కూర కనిపిస్తే కొంగులో వేసుకుంటుంది, అది రాత్రికి కూర. మిగిలిన గడ్డిలో మెత్తనిది మేకలకి వేరు పడుతుంది. వీల్ హోకి ఇవన్నీ ఒక్కటే. దాని బ్లేడుకి కూరాకు, మేకల మేత, గరిక, తుంగ అన్నీ "వీడ్ బయోమాస్". కలుపు తీత సామర్థ్యం లెక్కకట్టేటప్పుడు చదరపు మీటరులో ముందెన్ని మొక్కలున్నాయి, తర్వాత ఎన్ని మిగిలాయి అని చూస్తాం. కొంగులో ఎంత పడిందో ఆ ఫార్ములాలో ఎక్కడ వేస్తాం?

ఇంత చెప్పాక బొరిగెకి దండ వేసి ముగించొచ్చు. "మన పూర్వీకుల విజ్ఞానం" అని ఒక పేరా రాస్తే లైకులు కూడా వస్తాయి. నేను రాయను. ఎందుకంటే సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ గుమ్మం పట్టుకుని నడుమెత్తడం కూడా నేను చూశాను. ఒక్కసారిగా లేవలేదు. ముందు మోకాలి మీద చెయ్యి, తర్వాత గోడ మీద చెయ్యి, తర్వాత కాసేపు అలాగే ఆగడం. ఆవిడకి నలభై ఆరేళ్ళు.

ఇదీ లెక్కే. నడుము వంచినప్పుడు తల, చేతులు, మొండెం కలిపి సుమారు 30 కిలోలు వెన్నుకి పాతిక సెంటీమీటర్లు ముందుకి వేలాడతాయి. దాన్ని ఆపే కండరం వెన్నెముకకి ఐదు సెంటీమీటర్ల దూరంలోనే పట్టి లాగుతుంది. అంటే ఆ కండరం ఐదింతలు లాగాలి, 150 కిలోలు. ఆ భారమంతా నడుము పూసల మీదే పడుతుంది. చేతిలో ఉన్న బొరిగె పావు కిలో అయినా, అర కిలో అయినా ఈ లెక్కలో పెద్ద తేడా రాదు. పనిముట్టు తేలికగా ఉందని మనం మురిసిపోతాం గానీ, మోసేది పనిముట్టుని కాదు, సొంత ఒంటిని. గొంతుక్కూర్చుంటే నడుముకి కొంత ఉపశమనం, ఆ బాకీ మోకాళ్ళు తీరుస్తాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. పొట్టి కామ మీద ఒక కోర్టు తీర్పు ఉంది. నేనూ ప్రాజెక్ట్ అయిపోయాకే చదివాను, ముందు చదివుంటే బాగుండేది. కాలిఫోర్నియాలో లెట్యూస్, బీట్ పొలాల్లో పనిచేసే కూలీలకి, వాళ్ళలో ఎక్కువమంది మెక్సికో మూలాలవాళ్ళే, అడుగో అడుగున్నరో కామ ఉన్న పార ఇచ్చేవారు. స్పానిష్‌లో దాన్ని "ఎల్ కోర్తీతో" అనేవారు, అంటే పొట్టిది. కామ పొట్టిగా ఉంటేనే మొక్కని దగ్గరగా చూసి జాగ్రత్తగా తీస్తారని యజమానులు వాదించేవారు. మేస్త్రీకి ఇంకో సుఖం కూడా ఉండేది. ఎవరైనా నడుమెత్తితే దూరం నుంచే కనపడిపోతారు. కూలీల తరఫు లాయర్లు 1972లో రాష్ట్ర పారిశ్రామిక భద్రతా విభాగానికి ఫిర్యాదు చేశారు. ప్రమాదకరమైన చేతి పనిముట్టు అంటే విరిగిపోయినదో, లోపమున్నదో అవుతుంది, ఇది బాగానే ఉంది కదా అని ఆ విభాగం తోసిపుచ్చింది. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, కార్మోనా కేసులో, ఆ అర్థం మరీ ఇరుకైనది అంది. మామూలుగా వాడుతుంటేనే మనిషి ఒంటిని పాడుచేసేది కూడా ప్రమాదకరమైన పనిముట్టే అవుతుందంది. ఆ ఏడాదే పొట్టి పార నిషేధమైంది.

అదే అమెరికాకి ఈమధ్య కొరియా నుంచి హోమి అనే పనిముట్టు వెళ్ళింది. మన బొరిగెకి అన్నగారి లాంటిది. చిన్న పిడి, కొనదేలి వంగిన ఆకు. అదీ కొండలెక్కువున్న దేశపు పనిముట్టే, కమ్మరి కొలిమిలో పుట్టిందే. 2019 ప్రాంతంలో అమెజాన్‌లో తోటపని చేసుకునేవాళ్ళు దాన్ని ఎగబడి కొన్నారు. ఒక పొట్టి పిడిని కోర్టు తీసేయించిన చోటే ఇంకో పొట్టి పిడి ముచ్చటైన వస్తువైంది. తోట యజమాని ఆదివారం పొద్దున్న గంటసేపు మోకాళ్ళ మీద కూర్చుని, విసుగొస్తే లేచి కాఫీ తాగుతాడు. కూలీ పది గంటలు వంగి ఉండాలి. ఇనుము ఒకటే, కామ ఒకటే, గంటలు వేరు, లేచే హక్కు వేరు. అందుకే "ఏది మంచి వీడర్" అని అడిగే ముందు ఎవరు, ఎన్ని గంటలు, లేవాలనిపిస్తే లేవగలరా అని అడగాలని నాకనిపిస్తోంది. మా అమ్మకి మేస్త్రీ లేడు. కానీ వానలు తెరిపిచ్చే నాలుగు రోజుల్లో కలుపు పూర్తి కాకపోతే పంట పోతుంది, పీకిన గడ్డి కూడా తడికి మళ్ళీ వేరు తన్నుకుంటుంది. అదే మేస్త్రీ.

"దున్నేవాడిదే భూమి" అన్నారు. దున్నేవాడికి ఎద్దులున్నాయి, ఇప్పుడు పవర్ టిల్లర్లూ వస్తున్నాయి. కలుపు తీసేవాళ్ళకి ఇన్నేళ్ళలో కొత్తగా ఏం వచ్చిందని మా పిన్నిని అడిగితే ప్లాస్టిక్ గొడుగు అంది.

సరే, పొడుగు కామ పెట్టేస్తే పోయె కదా? నేనూ అలాగే అనుకున్నాను. కొండ మీద అదీ అంత తేలిక కాదు. వాలులో పైవైపుకి తిరిగి పనిచేస్తే నేలే మనకి ఎదురొస్తుంది. 20 డిగ్రీల వాలైతే రెండడుగుల ముందున్న నేల సుమారు ఎనిమిది తొమ్మిది అంగుళాలు పైన ఉంటుంది. అంటే చదును నేల కంటే కొండ మీద తక్కువ వంగితే చాలు. కొండవాళ్ళ పారలకి పొట్టి కామ ఎందుకుంటుందో నాకు అప్పుడు అర్థమైంది. పొడుగు కామ వెనక్కి కిందకి దిగి రాళ్ళకి, కంది కొమ్మలకి తగులుతుంది కూడా. ఇంకో చిక్కుంది. కింద నిలబడి పార తనవైపుకి లాగితే ప్రతి లాగుకీ గుప్పెడు మట్టి కిందకొస్తుంది. ఏటా ఇదే పని. మా కొండచెక్క పై అంచున రాళ్ళు తేలి, కింద రాతి కట్ట దగ్గర మట్టి మోకాలెత్తు చేరడానికి వాన ఒక్కటే కారణం కాదు. పారకీ అందులో వాటా ఉంది.

కాబట్టి మట్టిని ఈడ్చకుండా, పైపొర కింద గడ్డిని కోసి వదిలేసేది కావాలి. దీనికి రికాబు ఆకారంలో సన్నని పట్టీ ఉండే రకం ఒకటుంది, తోసినా కోస్తుంది, లాగినా కోస్తుంది. ఫొటోల్లో చూసి మురిసిపోయి ఒకటి చేయించాను. మా గరువులో బాగా పనిచేసింది. కొండచెక్కలో మొదటి పావుగంటలోనే రికాబులో రాయి ఇరుక్కుంది, తీస్తే ఇంకో రాయి. అమ్మ దాన్ని పక్కనపెట్టి బొరిగె తీసుకుంది, ఏమీ అనలేదు.

చివరికి కుదిరింది ఏమంటే, మా పక్క ఊరి కమ్మరి దగ్గర చేయించిన సన్నాకు పార. పాత జీపు కమాను పట్టీ ముక్కని నాలుగు వేళ్ళ వెడల్పుకి సాగదీసి, రెండు వైపులా పదును పెట్టి, మెడ కాస్త పొడుగ్గా వంచి ఇచ్చాడు. మా ప్రాజెక్ట్‌లో వాడింది మైల్డ్ స్టీల్. అందులో కార్బన్ పావు శాతం లోపే, దాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా గట్టిపడదు. రాళ్ళ నేలలో రెండ్రోజులకే మొద్దుబారింది. కమాను పట్టీలో కార్బన్ అర శాతం పైనే ఉంటుంది. కమ్మరికి ఆ శాతాలతో పనిలేదు, రంగు చూసి నీళ్ళలో ముంచుతాడు. మెటలర్జీ ల్యాబ్‌లో నేను చూసింది గ్రాఫ్, అక్కడ చూసింది ఆ గ్రాఫ్ నడవడం. మళ్ళీ మొద్దుబారితే సంతకి తీసుకెళ్ళి సానపట్టించుకోవచ్చు. మా వీల్ హో బేరింగ్ పోతే విశాఖ దాకా పోవాలి.

కామకి నాన్న నీడలో ఆరబెట్టి ఉంచిన తడ కర్ర ఇచ్చాడు. పొడవెంత అంటే అమ్మ టేపు అడగలేదు. కర్రని పక్కన నిలబెట్టి చంక దాకా చూపించింది. అంతకంటే పెద్ద ప్రశ్న మెడ కోణం. పొట్టి మనిషి, పొడుగు మనిషి ఒకే పార పట్టుకుంటే కామ వాలే తీరు మారుతుంది, దాంతో ఆకు నేలని తాకే తీరు మారుతుంది. ఒకరికి ఆకు నేలలోకి గుచ్చుకుంటే, ఇంకొకరికి నేల మీద జారిపోతుంది. అందుకే కమ్మరి అమ్మని కొలిమి ముందు నిలబెట్టి, ఖాళీ కర్ర పట్టుకోమని, రెండుసార్లు మెడ సరిచేశాడు. డిజైన్ ఫర్ యూజర్ అని మనకి ఒక ఎలక్టివ్ ఉంది, గుర్తుందా?

ఈ పార బొరిగె పని మొత్తం చెయ్యదు. రాజ్‌మా వరసల మధ్య, పసుపు బోదెల మధ్య గడ్డిని నిలబడి కోసేస్తుంది. మొక్క మొదట్లో ఉన్నదానికి మళ్ళీ కూర్చుని బొరిగె పట్టాల్సిందే. కానీ వంగి ఉండే గంటలు సగానికి తగ్గుతాయి. అమ్మ రెండూ తీసుకెళ్తుంది. నడుము పట్టేస్తే లేచి పార, చేతులు నొప్పెడితే కూర్చుని బొరిగె. ఏదీ గెలవలేదు, ఏదీ ఓడలేదు. మన పట్టికలో "బెస్ట్" కాలమ్‌లో టిక్ పెట్టడానికి లేదు.

మిగతా రెండు చోట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. పల్లంలో వరికి కోనో వీడర్ మంచిదే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పుట్టిన డిజైన్ అది, శ్రీ పద్ధతితో పాటు మన ఊళ్ళకి వచ్చింది. మన తెలుగు నేల మీదే దాన్ని తేలిక చేసి మండవ వీడర్ అని తయారైంది. పాతిక సెంటీమీటర్ల ఎడంతో వరసలు పెడితేనే అది నడుస్తుంది. మా మడులు అరటికాయ వంపులో ఉంటాయి, పది అడుగులకోసారి ఎత్తి తిప్పాలి. పెద్ద మడిలో వాడతాం, చిన్నవాటిలో చేత్తోనే. కాఫీలో అసలు తవ్వకూడదు. పైపైనే ఉండే వేళ్ళు తెగుతాయి, ఆ వాలులో కదిలిన మట్టి నిలవదు. కొడవలితో గడ్డి కోసి అక్కడే మొదట్లో కప్పేయడమే. అక్కడికి ఏ వీడర్ డిజైన్ చెయ్యకండి, దయచేసి.

గరువు మీద మాత్రం చక్రానికి చోటుంది. చోడిని గుళి పద్ధతిలో, కర్ణాటక హావేరి రైతుల దగ్గర నుంచి వచ్చిన పద్ధతి అది, అటూ ఇటూ 45 సెంటీమీటర్ల ఎడంతో నాటితే వీడర్ నిలువుగానూ అడ్డంగానూ తిరుగుతుంది. వాలు తక్కువైన గరువులో, నేల ఆరిన రోజున, తేలికపాటి వీల్ హో అయితే నేనే ఓటేస్తాను. కానీ చూడండి, అక్కడ కలుపు సమస్యని సగం తీర్చింది వీడర్ కాదు, నాట్ల రోజు పట్టుకున్న తాడు. ఆ తాడు పట్టే ఓపిక, మనుషులు ఉన్న ఇంట్లోనే చక్రం తిరుగుతుంది. వెదజల్లిన చేలో చక్రం తెచ్చి పెట్టి, వాడటం లేదని వాళ్ళని అనడం న్యాయం కాదు. మేం చేసింది అదే.

ఇదంతా ఎందుకు తొందరగా తేలాలంటే, కొండ మీదకి ఇంకోటి ఎక్కుతోంది. గడ్డి మందు. వెన్ను నొప్పికి జవాబుగా భుజాన స్ప్రేయర్ వేసుకుని మగాళ్ళు గంటలో పని ముగిస్తున్నారు. వాళ్ళనీ తప్పుపట్టలేను. కానీ కలిపి చల్లిన సామ, కంది, వలిసెల్లో ఏది మిగలాలో మందుకి తెలియదు, కొంగులో కూరాకు ఉండదు, వాన పడితే ఆ నీళ్ళు దిగేది మేం తాగే గెడ్డలోకే. "గంటకి ఎన్ని సెంట్లు" అన్న ఒక్క ప్రశ్నే అడిగితే గెలిచేది ఆ డబ్బానే. వీల్ హో కూడా దాని ముందు ఓడిపోతుంది.

జూనియర్స్‌కి నేను చెప్పేది ఇంతే. రిపోర్ట్ పంపిస్తాను, డ్రాయింగ్‌లు కాపీ కొట్టుకోండి, ఏమీ అనుకోను. టెస్ట్ ఆపరేటర్‌గా మాత్రం మీలో పొడుగ్గా ఉన్నవాడిని పెట్టకండి. కాలేజీ గ్రౌండ్‌లో కొలవకండి. జూన్‌లో కాకుండా ఆగస్టులో, తెరిపి ఇచ్చిన రోజున, పని చేసేవాళ్ళ చేతికిచ్చి పొద్దున్న గంట, సాయంత్రం ఆఖరి గంట రెండూ కొలవండి. మొదటి గంట రీడింగ్ ఎప్పుడూ బాగుంటుంది, మా రిపోర్ట్ అంతా ఆ మొదటి గంటే. ఒక నెల తర్వాత చెప్పకుండా వెళ్ళి చూడండి, పనిముట్టు ఎక్కడుందో. చూరులో ఉందా, పొలంలో ఉందా, బట్టలారేస్తున్నారా. "బాగానే ఉందిరా" అన్న మాటని డేటా కింద రాసుకోకండి. మన మీద ప్రేమతో చెప్పే మాట అది.

సంక్రాంతికి ఇంటికెళ్తే పార కామ నాలుగు వేళ్ళు పొట్టిగా కనిపించింది. ఎందుకు కోశావని అడిగితే, "పసుపులో ఆకులకి తగులుతంది" అంది. పిన్నికి ఇంకోటి కావాలట. నాన్న ఇంకో కర్ర కోసుకొచ్చి నీడలో పెట్టాడు. ఈసారి కొలత కోసం పిన్నినే కమ్మరి దగ్గరికి రమ్మన్నాం.